యలమంద సంచిలో విత్తనం

ఆ రోజు పొద్దున రేగడిపాలెం మీద ఆకాశం ఎలాంటి నిర్ణయమూ తీసుకోలేదు. ఒంగోలు వైపు నుంచి మబ్బులు వచ్చాయి, ఊరి మీద కాసేపు ఆగి పరిస్థితిని సమీక్షించాయి, తగిన సమయంలో తగిన చర్యలు తీసుకుంటామన్నట్టు ఒకసారి ఉరిమి గుంటూరు వైపు వెళ్లిపోయాయి. అయినా ఊళ్లో మగవాళ్లంతా బస్సు ఆగే చోట చేరి ఉన్నారు. వాన కోసం కాదు. ఆ పూట యలమంద విత్తనాలకు గుంటూరు వెళుతున్నాడు.

రేగడిపాలెంలో విత్తనాల ఎంపిక పూర్తిగా శాస్త్రీయ పద్ధతిలో జరుగుతుంది. యలమంద గుంటూరు వెళతాడు. సాయంత్రం బస్సు దిగుతాడు. ఆయన సంచిలో ఏముందో ఊరు చూస్తుంది. మర్నాటికి అదే విత్తనం ఊళ్లో ఉన్న ఒకే ఒక్క విత్తనాల కొట్టులో, అంకమ్మరావు దగ్గర, బస్తాలకు బస్తాలు దిగుతుంది. మిరపైనా పత్తైనా యలమంద తెచ్చిన విత్తనం మొలవకపోవడమన్నది ఇంతవరకు లేదు. అందుకే చుట్టుపక్కల నాలుగూళ్లలో ఆయన్ని ఇంటిపేరు మార్చి 'విత్తనం యలమంద' అంటారు. ఎందుకు ఆ రకమే తెచ్చావని ఆయన్ని ఎవరూ అడగరు. అడిగినా చెప్పడు. ఏడాది మొత్తం మీద ఆయన మాట్లాడే మాటలు ఒక బెండ విత్తనాల ప్యాకెట్లో పడతాయి.

బెండ అంటే గుర్తొచ్చింది. ఒక ఏడాది భార్య అడిగిందని పెరట్లోకి గుప్పెడు బెండ గింజలు తెచ్చాడు. ఊరు ఊరంతా ఎకరాల్లో బెండ వేసింది. ముదిరిన కాయలు చివరికి గేదెలు తిన్నాయి. ఎవరూ యలమందను తప్పు పట్టలేదు. సంచిని సరిగ్గా చదవలేకపోయామని తమను తామే తిట్టుకున్నారు.

ఈసారి వెళ్లడం వెనకా ఆయన భార్యే ఉంది. వెంకటేశ్వరమ్మ మొన్న వేసవిలో మంగళగిరి దగ్గర ఒక పెళ్లికి వెళ్లింది. ఆ కల్యాణ మండపం ముందు గడ్డి ఉంది. ఎవరో కావాలని పెంచిన గడ్డి. దానికి నీళ్లు పెడుతున్నారు, కత్తిరిస్తున్నారు, తొక్కవద్దని బోర్డు కూడా పెట్టారు. ఆమె చెప్పులు విడిచి దాని మీద కూర్చుంది. పెళ్లికొడుకు ఎలా ఉన్నాడో ఇప్పటికీ చెప్పలేదు గానీ, ఆ గడ్డి ఎంత మెత్తగా ఉందో చెయ్యి ఆడించి మరీ చెబుతుంది.

"మన కొత్తింటి ముందు అది కావాలి," అంది ఇంటికి రాగానే.

"గడ్డా?"

"గడ్డే. పెళ్లయిన దగ్గర్నుంచి వంగి పీకుతూనే ఉన్నా. ఒక్కసారి దాని మీద కూర్చుని అన్నం తినాలయ్యా."

యలమంద బదులు చెప్పలేదు. ఆ ఇంట్లో దాన్ని మంజూరుగా భావిస్తారు.

గుంటూరులో ఆయన ఎప్పుడూ వెళ్లే కొట్టతను లేచి కుర్చీ వేశాడు. "ఏ పంటకండీ?"

"గడ్డికి," అన్నాడు యలమంద, వెనకెవరైనా విన్నారేమోనని చూసుకుని.

కొట్టతను తలూపి, బల్ల మీద గడ్డి మందు సీసాలు వరసగా పేర్చాడు. "ఇది కొడితే వేరుతో సహా మాడిపోయిద్దండి. ఇది ఇంకా ఘాటు. ఇదైతే పక్కచేలో గడ్డి కూడా భయపడిద్ది."

"చంపడానికి కాదు. పెంచడానికి."

కొట్టతను ఆయన్ని కింద నుంచి పైదాకా ఒకసారి చూశాడు. ఎండలు మరీ ఎక్కువగా ఉన్నాయి, కాసేపు ఫ్యాను కింద కూర్చోమన్నాడు. తర్వాత జాలిపడి, పూలమొక్కలు అమ్మే కొట్టు ఒకటి చూపించాడు.

అక్కడ ఖుర్షిదా అనే అమ్మాయి కూర్చుని ఉంది. రంగురంగుల ప్యాకెట్లు ముందు పెట్టి, ఎండ పడుతుందా, నీడా, పిల్లలు ఆడతారా, కుక్క ఉందా అని అడిగింది. యలమందకు ఆశ్చర్యం వేసింది. కుటుంబం మొత్తాన్ని ఏడాది పోషించే మిరప విత్తనం కొన్నప్పుడు కూడా ఆయన్ని ఇన్ని ప్రశ్నలు ఎవరూ అడగలేదు.

ఆయన తన పద్ధతి ప్రకారం ప్యాకెట్లన్నీ తిప్పి చూశాడు. తేదీ చూశాడు. మొలక శాతం చూశాడు. ఏ దేశం నుంచి వచ్చిందో చూశాడు. నలిగి అక్షరాలు చెరిగిపోయిన వాటిని పక్కన పెట్టాడు. బాగా దూరదేశం నుంచి వచ్చినదీ, అందువల్ల బాగా ఖరీదైనదీ ఒకటి మిగిలింది. దాని మీద 'కలుపు విత్తనాలు: లేవు' అని ఉంది. అక్కడ ఆయన వేలు ఆగింది.

"అమ్మాయ్, ఇది గడ్డే గదా. ఇందులో కలుపంటే ఏంది?"

"గడ్డి కాకుండా ఏది మొలిచినా కలుపేనండి. మిరప మొక్క మొలిచినా కలుపే."

యలమంద ప్యాకెట్ తిప్పి ఆ ముక్క ఇంకోసారి చదివాడు. ఆ తర్వాత కొన్నాడు.

డబ్బు పెట్టి గడ్డి కొన్నానని ఊళ్లో తెలిస్తే తలెత్తుకోలేడు కాబట్టి, బస్సు దిగేటప్పుడు సంచి మీద తువ్వాలు కప్పాడు. ఇంతవరకు ఆయన ఏ సంచినీ దాచలేదు. ఊరు ఊపిరి బిగబట్టింది.

"ఏం బాబాయ్, ఈ ఏడు ఏందీ?" అన్నాడు కోటేష్, సంచి అందుకుంటూ.

"ఏం లేదు."

యలమంద పక్కింటి కుర్రాడే కోటేష్. పెద్దవాళ్ల సంచి మొయ్యడంలో అతనికున్న శ్రద్ధ అందరికీ తెలుసు. యలమంద గుమ్మం చేరేలోపు తువ్వాలు తొలగింది, పచ్చటి బొమ్మ కనపడింది, ఊళ్లో సంగతి తెలిసిపోయింది. ఈ ఏడు గడ్డి.

కారణాలు ఆ సాయంత్రానికే తయారయ్యాయి. మంగళగిరి చుట్టూ ఆఫీసులు లేస్తున్నాయి. ఆఫీసు పెట్టేవాడు ముందు గడ్డి వేయిస్తాడు, కుర్చీలు తర్వాత. ఆడే ఆటలకు గడ్డి కావాలి, పెళ్లిళ్లకు గడ్డి కావాలి. తెగులు రాదు, పురుగు పట్టదు, కోతకు కూలీలు అక్కర్లేదు, చాప చుట్టినట్టు చుట్టి లారీ ఎక్కించడమే. ఇన్నాళ్లూ ఇది తట్టనందుకు కొందరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

అంకమ్మరావు బస్తాలు దించాడు. ఎక్కడి నుంచి అని అడిగితే, "యలమంద గారు తెచ్చిన చోటు నుంచే," అన్నాడు. మొదటి రోజు బస్తాలు దొరికాయి. రెండో రోజు కొరత వచ్చింది. కొరత రాగానే గిరాకీ వచ్చింది. వరసలో చెప్పులు పెట్టి జనం చెట్ల కింద కూర్చున్నారు. సాగుబడి లెక్కలు రాసుకునే ప్రసన్నకుమార్ ఫోన్లో వెతికాడు. పంటల్లో గడ్డి లేదు. 'ఇతరములు' కింద నమోదు చేశాడు. ఇతరముల సాగులో రేగడిపాలెం మండలంలోనే మొదటి స్థానం సాధించింది. పైనుంచి అభినందనలు వచ్చాయి.

ఈలోగా యలమంద, విత్తనం ఏదైనా ముందు చూసుకునే అలవాటు ప్రకారం, చిటికెడు గింజలు ఒక పిడతలో చల్లి తడిపాడు. సన్నగా మొలిచాయి. ఆయన తృప్తిగా తలూపాడు. కొన్నాళ్లకు అందులో ఒక తీగ పిడత అంచు దాటి బయటికి పాకింది. కణుపు దగ్గర వేరు వేసింది. ఇంకో కణుపు దగ్గర ఇంకో వేరు. యలమంద గొంతుక్కూర్చున్నాడు. ఆ నడక ఆయనకు తెలుసు. తండ్రి ముఖం కన్నా బాగా తెలుసు.

చీపురు పట్టుకుని అటుగా పోతున్న వెంకటేశ్వరమ్మ, ఆగకుండానే అంది, "గరికే గదయ్యా అది."

"ఊఁ."

"సముద్రాలు దాటి వచ్చిందీ గరికేనా?"

"ఊఁ."

మన రేగడి నేలలో గరిక దిగితే ఏమవుతుందో చదివే మీకు చెప్పక్కర్లేదు. దున్నితే ముక్కలవుతుంది, ప్రతి ముక్కా మొలుస్తుంది. మనిషి అలిసిపోతాడు గానీ అది అలిసిపోదు. ఇప్పుడు ఊరు ఊరంతా దాన్ని బస్తాలతో చల్లబోతోంది. చెబితే, విత్తనం యలమంద డబ్బిచ్చి గరిక కొన్నాడని నాలుగూళ్లూ నవ్వుతాయి. ఇన్నేళ్ల పేరు ఒక్క పూటలో పోతుంది. చెప్పకపోతే చేలు పోతాయి. ఆ పూట ఆయన కంచంలో అన్నం అలాగే ఉంది.

"పేరు కాడి పెట్టి దున్నిద్దా?" అంది వెంకటేశ్వరమ్మ కంచం తీస్తూ. "పోయి చెప్పు."

ఆ సాయంత్రమే రైతు సంఘం సభ. అధ్యక్షుడు గోపాలకృష్ణ మైకు ముందు నిలబడి ఉన్నాడు. "సోదరులారా, మన తాతలు మనకు గడ్డి తీయడం నేర్పారు. అది వాళ్ల అజ్ఞానం. మనం మన పిల్లలకు గడ్డి వేయడం నేర్పుదాం. ఇది విజ్ఞానం. పచ్చదనమే ప్రగతి, ప్రగతే పచ్చదనం. ఈ రెంటికీ కారకులైన యలమంద అన్న రెండు ముక్కలు మాట్లాడతారు."

యలమంద మైకు ముందుకు వచ్చాడు. ఊరు ఆయన గొంతు మైకులో వినడం అదే మొదలు.

"ఒరేయ్, అది గరిక. మన గట్ల మీద ఉండే గరికే. నేను మోసపోయా. మీరు చల్లొద్దు."

ఎక్కడో కోటేష్ చిన్నగా నవ్వి, అందరికీ వినపడేలా అన్నాడు.

"చూశారా. ఎప్పుడూ నోరు తెరవని బాబాయి ఇవాళ మాట్లాడాడంటే, అందులో ఎంత లాభం ఉండాలి? ఒక్కడే వేసుకుందామనేగా."

చప్పట్లు మోగాయి. అప్పటిదాకా కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్న నలుగురూ సభ ముగియకముందే లేచి అంకమ్మరావు కొట్టుకు పరిగెత్తారు.

వాన పడింది. విత్తనాలు చల్లారు. చేలల్లో కలుపు తీతకు ఆడవాళ్లను పిలిచారు.

"ఏది పీకాలి, ఏది ఉంచాలి?" అని అడిగారు వాళ్లు.

"మొలిచిందంతా పీకండి," అన్నాడు కోటేష్. "మనది ఇంకా మొలవలా."

వాళ్లు ఊరి గరికను వేళ్లతో సహా ఏరి పారేశారు, దిగుమతి గరికకు చోటివ్వడానికి. నాటుది కలిసి జాతి చెడుతుందేమోనని గట్ల మీద మందు కొట్టించారు. వినాయక చవితి నాటికి రేగడిపాలెం చేలల్లో, గట్ల మీద పూజకు గరిక పోచ లేదు. చిలకలూరిపేట నుంచి కట్టలు కట్టలు కొనుక్కొచ్చారు. గోపాలకృష్ణ కూడా కొన్నాడు, బేరమాడి.

చల్లింది మాత్రం మొలవలేదు. నమూనాలు పరీక్షకు వెళ్లాయి. ఇవి విత్తనాలు అవునో కాదో నిర్ధారించలేమనీ, మొలకెత్తే ఉద్దేశం మాత్రం వాటికి లేదనీ నివేదిక వచ్చింది. నకిలీ విత్తనం రైతును కాపాడటం అన్నది ఆ ఊరి చరిత్రలో అదే మొదలు. చేలు అద్దంలా శుభ్రంగా ఉన్నాయి. మిరప నారు నాటడానికి అంతకన్నా మంచి దుక్కి ఎవరూ ఎరగరు. ఆ ఆనందాన్ని పక్కన పెట్టి ఊరంతా అంకమ్మరావు కొట్టు ముందు బైఠాయించింది. "మా గడ్డి మాకు కావాలి" అని నినాదాలు చేసింది. అంకమ్మరావు అందరికీ మజ్జిగ పోశాడు. మిరప నారు తన దగ్గరే ఉందనీ, చూసుకుని పొమ్మనీ చెప్పాడు. చూసుకున్నారు. కొన్నారు.

మర్నాడు నిజానిజాల పరిశీలన కోసం గోపాలకృష్ణ, కోటేష్, మరి నలుగురు పెద్దలు యలమంద ఇంటికి వచ్చారు. ఇంటి ముందు, భార్య కోసం యలమంద మిగతా గింజలు చల్లిన చోట, పచ్చగా, ఒత్తుగా, దుప్పటి పరిచినట్టు ఉంది. అది ప్యాకెట్లో నుంచి వచ్చిందో, తాతల నాటి నుంచి ఆ మట్టిలోనే ఉందో యలమందకే తెలియదు. తెలుసుకోవాలని ఆయన ప్రయత్నించనూ లేదు.

"గరిక అన్నాడు," అన్నాడు ఒక పెద్దాయన, వంగి నిమురుతూ. "ఇదెక్కడ గరికరా? ఎంత మెత్తగా ఉందో చూడు."

"ఒరిజినల్," అన్నాడు కోటేష్.

యలమంద పేరు పోలేదు. ఇంకో రెండూళ్లకు పాకింది.

"చూసింది చాల్లే, కూర్చోండి. తినిపోదురు," అంది వెంకటేశ్వరమ్మ. గడ్డి మీదే విస్తళ్లు వేసింది. చిక్కుడుకాయ కూర, పప్పుచారు, ఊరమిరపకాయలు వడ్డించి, చెంగు దులుపుకుని, అందరి మధ్యా తనూ ఒక విస్తరి ముందు కూర్చుంది. కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆ మెత్తదనాన్ని అనుభవించింది. తర్వాత అన్నం కలిపింది.

కుడిచేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి. పప్పుచారు వచ్చేసరికి యలమంద ఎడమచేతుల వైపు చూశాడు. ఒక్కొక్క ఎడమచెయ్యీ, పక్కనున్న గడ్డిలోకి వేళ్లు దింపి, కణుపు తెగకుండా, వేరుతో సహా, నెమ్మదిగా, నేర్పుగా పీకుతోంది. ఒక్కొక్క విస్తరి పక్కనా అరచేయంత నల్లమట్టి బయటపడింది. చెబుదామనుకున్నాడు. ఒకే ఏడాది రెండు ఉపన్యాసాలు ఎక్కువనిపించింది. పైగా, చూసుకుంటే తన ఎడమచేతిలోనూ గుప్పెడు ఉంది. వెంకటేశ్వరమ్మ చేతిలో రెండు గుప్పెళ్లు ఉన్నాయి.

అందరూ పీకింది పక్కన పడేస్తున్నారు. కోటేష్ మాత్రం తను పీకింది చూసి, అటూ ఇటూ చూసి, తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. గోపాలకృష్ణ అది చూశాడు. ఆయనా పెట్టుకున్నాడు. మజ్జిగ వడ్డించేసరికి పెద్దలందరి తువ్వాళ్లూ నిండాయి. పక్కవాడి ఒళ్లోకి చూడటం తెలిసినవాళ్లకు మాటలతో పనేముంది.