గురువారం బంద్, నాలుగు బజ్జీలు

ప్లాను పట్టాభి అంటే దిల్‌సుఖ్‌నగర్‌లో తెలియనివాళ్లు లేరు. ఆయన ప్లాను వేస్తున్నాడంటే గోడ మీది పిల్లి కూడా దిగి పక్కింటికి వెళ్లిపోయేది, గోడ ఎటు కూలుతుందోనని.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి. ఆయన కూతురు భావన ఇంజనీరింగు మూడో ఏడు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరున్న వాళ్ల కాలేజీకీ, జర్మనీ కాలేజీకీ మార్పిడి ఒప్పందం కుదిరింది. ఇక్కడి పిల్ల ఆరు నెలలు అక్కడ చదువుతుంది, అక్కడి పిల్ల ఇక్కడికొచ్చి చదువుతుంది. ఎంపిక చెయ్యడానికి జర్మనీ ప్రొఫెసరు స్వయంగా వస్తున్నాడు.

భావన వెళ్తే పట్టాభికి కొంపేం మునిగిందంటారా? బజ్జీలు మునిగాయి!

షుగరుందని డాక్టరు ఒక్కసారే అన్నాడు. భార్య సూర్యప్రభ రోజూ అంటుంది. పొద్దున రాగి జావ, రాత్రి రాగి సంకటి, మధ్యలో ఆకలేస్తే రాగి చెంబులో నీళ్లు. సాయంత్రం భావన పుస్తకాల సంచిలో దొంగతనంగా దిగుమతయ్యే నాలుగు మిరపకాయ బజ్జీలే ఆయన ప్రాణాన్ని ఒంట్లో నిలబెడుతున్నాయి.

"నాన్నా, ఇంటర్వ్యూ బుధవారం పెట్టుకోనా, గురువారమా? మన ఇష్టమేనట" అంది భావన.

కింది వాటాలో కిరాయికుండే ఆటో యాకోబు ఉద్యమంలో ముందుండే మనిషి. "గురువారం బంద్ సార్. రేపు పేపర్లొస్తది" అని ఆ ఉదయమే చెప్పి ఉన్నాడు.

పట్టాభి పంచాంగం తెరిచాడు. తలకిందులుగా.

"బుధవారం తెల్లారిన దగ్గర్నుంచి పొద్దుగూకే దాకా రాహుకాలమే తల్లీ! గురువారం బాబా వారం. కళ్లు మూసుకుని పెట్టించెయ్."

"మన పెళ్లికే పంచాంగం చూడలేదు. ఏమిటండీ ఈ కొత్త భక్తి?" అంది సూర్యప్రభ.

"అప్పుడు చూడకపోబట్టే ఇప్పుడు చూస్తున్నానోయ్!"

మర్నాడు పేపర్లో బంద్ కబురొచ్చింది. అప్పటికే బుధవారం ఖాళీలన్నీ నిండిపోయాయి. శుక్రవారం ప్రొఫెసరు విమానం ఎక్కేస్తాడు. భావన ముఖం మాడింది. పట్టాభి ముఖం కూడా మాడ్చుకున్నాడు గానీ, అంచుల్లో కొంచెం పచ్చిగా మిగిలిపోయింది. సూర్యప్రభ ఆ పచ్చిని చూసింది.

గురువారం పొద్దున్నే ఆమె కొంగు బిగించి, మూరెడు గరిటె పట్టుకుని బయల్దేరింది.

"ఎక్కడికోయ్?"

"ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పుట. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తింటారట. బండి కదలదట. యాకోబు భార్య ఎలీశమ్మ పిలిచింది. భావన కూడా వస్తోంది."

"మనది తెనాలి కదే!"

"ఇరవై ఏళ్ల నుంచి ఇక్కడి నీళ్లే తాగుతున్నాం. జావ గిన్నె మూత కింద ఉంది."

పట్టాభి ఇంట్లో రాజ్యమేలాడు. మధ్యాహ్నం దాకానే. అప్పుడు పక్కింటి మట్టయ్య మూతి తుడుచుకుంటూ సైకిలు దిగాడు.

"ఏంది సార్, ఇంకా పోలే? మీ మేడం మిరపకాయ బజ్జీలేస్తుంది. ఒక్కొక్కటి గింత!" అని మోచెయ్యి దాకా చూపించాడు.

పాలప్యాకెట్టుకు కూడా ఆటో ఎక్కే మనిషి, ఎల్బీనగర్ చేరేదాకా ఊపిరి తీసుకోలేదు.

చౌరస్తాలో రోడ్డు పొడవునా బంతి సాగుతోంది. పట్టాభి తలమీద తువ్వాలు కప్పుకుని బంతిలో ఓ ఖాళీ చూసుకుని కూలబడ్డాడు. ఎలీశమ్మ విస్తరి వేసి రెండు బజ్జీలు పెట్టింది. మొదటిది కొరికాడు. స్వర్గం కొత్తపేట దాకా దిగొచ్చింది.

పక్కన ఎర్రటి దొర ఒకాయన, బజ్జీ కొరికి బొటబొటా కన్నీళ్లు కారుస్తున్నాడు. ఆయనకి అటుపక్క భావన! సుద్దముక్కతో రోడ్డు మీద సర్క్యూటు గీసి, ఇంగ్లీషులో గడగడా వివరిస్తోంది.

పట్టాభి గొంతులో బజ్జీ బంద్ పాటించింది.

"బంద్ మీ కూతురికొక్కదానికేనా?" నెత్తిమీద నుంచి సూర్యప్రభ గొంతు. "ప్రొఫెసరుగారి కారుకీ బందే. సిటీ నుంచి కాలేజీకి ఈ చౌరస్తా దాటకుండా ఎలా పోతారనుకున్నారు? పొద్దున్నించీ కాపు కాశాం. ఇదిగో, అమ్మానాన్నలు ఒప్పుకున్నారా అని అడుగుతున్నారు. చెప్పండి."

"ఒక్కతే ఆడపిల్ల... అంత చలిలో..."

సూర్యప్రభ చేతిలోని బజ్జీల పళ్లెం జానెడు పైకి లేచింది.

"అయినా చదువు ముఖ్యం!" అన్నాడు పట్టాభి.

విస్తట్లో రెండు బజ్జీలు పడ్డాయి. "జై తెలంగాణ!" అన్నాడు యాకోబు. బంతంతా "జై" అంది. దొర కూడా అన్నాడు.

"ఏంది సార్, కండ్లల్ల నీళ్లు? బిడ్డ పోతదనా?" అంది ఎలీశమ్మ.

"మిరపకాయమ్మా, మిరపకాయ" అని పట్టాభి తువ్వాలుతో ముఖం గట్టిగా తుడుచుకున్నాడు.

భావన వెళ్లింది. మార్పిడిలో ఆంక అనే జర్మనీ పిల్ల వచ్చి భావన గదిలో దిగింది. పట్టాభికి మళ్లీ ప్రాణం లేచొచ్చింది. బజ్జీల బండి ఎక్కడో, సంచిలో ఎలా దాచాలో, ఆంటీకి ఎందుకు చెప్పకూడదో, వచ్చిన ఇంగ్లీషుతోనూ రాని ఇంగ్లీషుతోనూ విడమరిచాడు.

సాయంత్రం ఆంక తిన్నగా వంటింట్లోకి నడిచి పొట్లం సూర్యప్రభ చేతిలో పెట్టింది.

"అంకుల్ నాలుగు తెమ్మన్నారు. మీకు చెప్పొద్దన్నారు" అంది ఇంగ్లీషులో, ఉన్నదున్నట్టు.

సూర్యప్రభ ఆంకకి రెండిచ్చి, తను రెండూ తాపీగా తిని వేళ్లు నాక్కుంది.

"ఎంత మంచి పిల్లండీ! మూడేళ్ల నుంచి మీ కూతురి సంచికంటిన నూనె మరకలు ఉతుకుతున్నాను, ఒక్క బజ్జీ పెట్టిన పాపాన పోలేదు మీరిద్దరూ."

పట్టాభి జావ గిన్నె మూత తీశాడు.