ఇనుములో మలినం

ఇనుములోని ఎలక్ట్రాన్లు ఇకమీదట సంస్థ అనుమతి లేకుండా జతకట్టరాదని సోమవారం ఉదయం నోటీసు బోర్డులో పెట్టాం. రాసింది నేనే. ఈ పరిశోధన సంస్థలో సమావేశాల మినిట్స్ రాసే గుమాస్తాని. ఇనుము గురించి నాకు తెలిసింది తుప్పు ఒక్కటే.

ఎలక్ట్రాన్లకు ఒకదాని పొడ ఒకదానికి గిట్టదు. అయినా కొన్ని రకాల ఇనుప స్ఫటికాలను సున్నాకు రెండు వందల ముప్పై అయిదు డిగ్రీల కిందికి చల్లబరిస్తే, అవి జతలు కట్టి ఏ నిరోధమూ లేకుండా పరుగెత్తుతాయి. గిట్టనివాళ్లు ఎలా కలుస్తారన్నదే ప్రశ్న. మా సంస్థ పద్దెనిమిదేళ్లుగా ఆ ప్రశ్న మీదే బతుకుతోంది కనుక, జవాబు దొరక్కుండా అందరం తగు జాగ్రత్త తీసుకుంటున్నాం.

జతలకుండే ప్లస్సో మైనస్సో అనే గుర్తు స్ఫటికంలో అన్నిచోట్లా ఒకటేనని ఒక ప్రొఫెసరు వాదం. ఆయన్ని ప్లస్సుగారంటాం. కాదు, ఒకచోట ప్లస్సయితే ఇంకోచోట మైనస్సని రెండో ఆయన. ఆయన మైనస్సుగారు. ఇద్దరూ తోడల్లుళ్లు, కనుక మాట్లాడుకోరు. ఆఫీసులో మెమోల ద్వారా, ఇంట్లో అక్కాచెల్లెళ్ల ద్వారా తిట్టుకుంటారు. స్ఫటికాలను చల్లబరిచే ద్రవ హీలియం కుళాయి ప్లస్సుగారి గదిలో ఉంది, దాని తాళంచెవి మైనస్సుగారి జేబులో ఉంది. పనిభారం సమానంగా ఉండాలని మా డైరెక్టరు, అంటే పెద్దసారు, చేసిన ఏర్పాటు అది.

ఇంత క్రమశిక్షణ మధ్య ఒక అమ్మాయి పొరపాటున పనిచేసింది. పరిశోధక విద్యార్థిని. ఆరేళ్లు కొలిమి దగ్గర కూర్చుని గోరంత నల్లటి స్ఫటికాన్ని పెంచింది. అందులో పిసరంత మలినం కలిపినా జతలు విడిపోతున్నాయని కొలిచి చూపింది. గుర్తు అంతటా ఒకటే అయితే అంత తేలిగ్గా విడిపోవు, కాబట్టి మైనస్సే నిజమని థీసిస్ రాసింది. నెలాఖరులోగా ఇద్దరి సంతకాలూ పడకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్లూ బూడిదలో పోసిన పన్నీరు.

ప్లస్సుగారు సంతకం పెట్టలేదు. సహజమే. మైనస్సుగారూ పెట్టలేదు.

"నే చెప్పింది నిజమని తేల్చడానికి నువ్వెవరమ్మా? పద్దెనిమిదేళ్లుగా రుజువు లేకుండానే నేను చెప్పడం లేదూ?" అన్నారు.

పెద్దసారు చేతులెత్తించి ఓటింగు పెట్టారు. ప్లస్సుకు పదకొండు, మైనస్సుకు పదకొండు. క్యాంటీన్ మేనేజరు తటస్థంగా ఉండి టీ పోశాడు. సంగతి తేలేదాకా జతకట్టడం ఆపాలని ఎలక్ట్రాన్లకు ఇచ్చినదే పైన మీరు చదివిన నోటీసు. స్ఫటికం దాన్ని ఖాతరు చేయలేదు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని కోరాం.

అంతలో ఒక పరిషత్తు నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ప్రశ్న తేల్చిన ఇద్దరు పెద్దలకు ఉమ్మడిగా బిరుదు ఇస్తారట. అదే సాయంత్రం తోడల్లుళ్లిద్దరూ ఒకే సోఫాలో కూర్చుని ఒకే ప్లేటులో బిస్కెట్లు తిన్నారు. ఇంట్లో అక్కాచెల్లెళ్లు కంగారుపడి డాక్టరుకు ఫోన్ చేశారు.

ఆ తరువాత ఫైలు పరుగు చూడాలి! ఆరు బల్లలు, నలభై నిమిషాలు, ఎక్కడా నిరోధం లేదు. అమ్మాయి కొలతలన్నీ ఒక వ్యాసమయ్యాయి. మొదటి పేరు ప్లస్సుగారిది, దాన్ని ఆనుకుని మైనస్సుగారిది, ఆ వెనక పెద్దసారు, ఓటేసిన వాళ్లందరూ, చివర క్యాంటీన్ మేనేజరు.

అమ్మాయి పెద్దసారు గదికి వచ్చింది. "సార్, ఈ లెక్కలన్నీ నావే. నా పేరు మాత్రం ఎక్కడా లేదు. రేపే నెలాఖరు," అంది.

తోడల్లుళ్లిద్దరూ జీవితంలో మొదటిసారి ఒకే గొంతుతో మాట్లాడారు. "ఇప్పుడిప్పుడే కలిశాం తల్లీ, మధ్యలో అడ్డు రాకు!"

పెద్దసారు లాలనగా వివరించారు. "పిసరంత మలినమున్నా జతలు విడిపోతాయని నువ్వే కదమ్మా రాశావు? నీ సిద్ధాంతాన్ని మొదట అమలు చేస్తున్నది మేమే."

ఆమె స్ఫటికం ఉన్న డబ్బీని బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. 'మలినం తొలగించడమైనది' అని మినిట్స్‌లో రాస్తుంటే చెయ్యి ఆగింది కూడా. అప్పుడు పెద్దసారు వ్యాసాన్ని నా ముందుకు తోశారు. క్యాంటీన్ మేనేజరు పేరు కింద ఇంకో పేరుకు చోటుంది. నా దస్తూరి బాగుంటుందని అందరూ అంటారు.

సన్మానసభ శనివారం. తమరూ తప్పక రావాలి. ఆ అమ్మాయి ఏమైందని అడగదలచినవారు చెయ్యెత్తవచ్చు. మీరెత్తరని మాకు తెలుసు. చప్పట్లు కొట్టడానికి రెండు చేతులూ కావాలి కదా.