కన్నీరు లేని ఆసుపత్రి

ఒక పెద్ద అడవిలో, పిల్లల ఆసుపత్రి ఉన్న వీధి ఈ చివర్నించి ఆ చివరికి వినపడేలా ఓ కేక లేచింది.

"నిశ్శబ్దం! ఎవడ్రా ఆ ఏడ్చేది? బయటికి తీసుకుపొండి!"

అరిచింది ఆసుపత్రి మేనేజరు తొండ. నిజానికి ఆ పొద్దున వీధిలో ఆయన గొంతు తప్ప ఇంకో చప్పుడు లేదు.

సంగతేమిటంటే, భోజనాల వేళకి మృగరాజు గారు తనిఖీకి వస్తున్నారు. ఏ ఆసుపత్రిలో దయ ఎక్కువుందో చూసి, అక్కడి పెద్ద డాక్టరుకి 'కరుణామూర్తి' అని బిరుదిచ్చి శాలువా కప్పుతారట. ఇక్కడ పెద్ద డాక్టరు భల్లం గారనే ఎలుగుబంటి. ఆ కబురు చెవిన పడ్డప్పట్నించి ఆయనకి కంటిమీద కునుకు లేదు.

భల్లం డాక్టరు చెడ్డవాడేం కాదండోయ్. ఒకప్పుడు నేలమీద చతికిలబడి, పిల్లలు బొచ్చు పీకుతుంటే నవ్వుతూ మందు పోసినవాడే. పెద్ద డాక్టరయ్యాక కుర్చీ వచ్చింది. కుర్చీ వెంట మీటింగులొచ్చాయి. పిల్లల్ని పట్టుకోవడం తగ్గి మైకు పట్టుకోవడం పెరిగింది. అంతే.

"దయ ఉన్నచోట పిల్లలు ఏడవరు కదా?" అన్నాడాయన ఆ మధ్య మీటింగులో.

తొండ తలూపాడు. ఆయనకొచ్చిన వైద్యం అదొక్కటే.

"అయితే ఏడుపు లేకపోతే దయ ఉన్నట్టే కదా?"

తొండ ఇంకా గట్టిగా ఊపాడు. సాయంత్రానికల్లా గుమ్మం మీద బోర్డు వెలిసింది: 'కన్నీరు లేని ఆసుపత్రి'.

"సూది పొడిస్తే ఏడవరేంటండీ? మా పిల్లలు సూది చూస్తేనే అడవంతా లేపుతారు" అంది నర్సు వరాలు. ఆవిడ అడవిపంది, మనసులో మాట దాచుకోవడం చేతకాదు.

"అయితే తనిఖీ అయ్యేదాకా సూదులే వద్దు" అన్నాడు తొండ.

అయినా ఏడ్చేవాళ్ళందర్నీ దొడ్డివైపు పొదల్లోకి పంపేశాడు. నోరెత్తనివాళ్ళకి మాత్రం ముందు వరస మంచాలు.

సరిగ్గా తనిఖీ నాటి పొద్దునే వచ్చింది కుందేలు పుల్లమ్మ, బుడ్డోణ్ణి భుజానేసుకుని. "అయ్యా, మావాడికి నిన్నట్నించి ఒకటే వాంతులు, విరేచనాలు..."

"మెల్లగా మాట్లాడమ్మా!" అని కసిరాడు తొండ. "ఏడుస్తున్నాడా?"

"లేదు బాబూ."

"శభాష్! బుద్ధిమంతుడు. ముందు మంచం వీడికే."

"అదే నా భయం బాబూ. వీడు ఏడవకుండా ఒక్క పూటుండడు."

"భయపడాలంటే బయటికెళ్ళి పడమ్మా."

పుల్లమ్మ డాక్టరు గదికి పరిగెత్తింది. భల్లం అద్దం ముందు నిలబడి, శాలువా కప్పించుకునేటప్పుడు మెడ ఎంత వంచాలో చూసుకుంటున్నాడు.

"డాక్టరు బాబూ, ఒక్కసారి చెయ్యేసి చూడండి!"

భల్లం తలుపులోంచే తొంగిచూశాడు. "హాయిగా పడుకున్నాడుగా తల్లీ! రాజుగారు వెళ్ళగానే చూస్తాను."

రాజుగారు రానే వచ్చారు. ఆయన మూతి మీద ఈగ వాలినా వినపడేంత నిశ్శబ్దం. "ఆహా! పిల్లలున్న చోట ఇంత ప్రశాంతతా!" అని మురిసిపోయారు.

"అంతా మా దయే ప్రభూ" అన్నాడు భల్లం. ముందు మంచం దగ్గరికి తీసుకెళ్ళి, బుడ్డోడి కంటికొన వేలితో తుడిచి చూపించాడు. "చూడండి, చుక్క కన్నీరు లేదు!"

అన్న నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

కంట్లో చుక్క లేదు. నాలుక మీద తడి లేదు. కళ్ళు లోపలికి పీక్కుపోయాయి. పొట్టమీద చర్మం పట్టి వదిలితే, మడత మడతలాగే నిలబడింది. ఒంట్లోనే నీళ్ళు లేని బిడ్డకి కన్నీళ్ళెక్కణ్ణించి వస్తాయి? గట్టిగా ఏడ్చేవాడు ఓ నిమిషం ఆగుతాడు, చప్పుడు చెయ్యనివాణ్ణి ముందు చూడండ్రా అని కుర్ర డాక్టర్లందరికీ నూరిపోసింది తనే కదా!

"వరాలూ! సెలైను! పరిగెత్తు!" భల్లం గొంతుకి కిటికీలు అదిరాయి.

"నిశ్శబ్దం!" అన్నాడు తొండ అలవాటుకొద్దీ.

"నువ్వు నోర్ముయ్యి!"

తొండ తలూపాడు.

"మరి నా ఉపన్యాసం..." అన్నారు రాజుగారు.

"తమరు కాస్త ఇలా రండి ప్రభూ, ఈ సీసా పైకెత్తి పట్టుకోండి. దించకండి!"

ఆ అడవిలో రాజుగారికి పని చెప్పినవాడు అంతకుముందు లేడు. ఆయన బిత్తరపోయి పట్టుకున్నారు. భల్లం నేలమీద మోకాళ్ళేసి, బుడ్డోడి చేతికి సూది పెట్టాడు. బుడ్డోడు ఉలకలేదు, పలకలేదు. పుల్లమ్మ వాడి పాదాలు రుద్దుతూ కూర్చుంది. "నీ మాట వినలేదు తల్లీ, తప్పంతా నాది" అన్నాడు భల్లం. ఆవిడ రుద్దుతూనే ఉంది.

సీసా మారింది. రాజుగారి చెయ్యి మారింది. ఎండ వాలింది. అప్పుడు బుడ్డోడు మూతి వంకర చేసి కెవ్వుమన్నాడు! కంటికొనలో చుక్క మెరిసింది. ఆ ఏడుపందుకుని పొదల్లో పిల్లలంతా బేర్‌మన్నారు. "లోపలికి రండర్రా అందరూ!" అంటూ వరాలు తలుపులు బార్లా తీసింది.

రాజుగారి కళ్ళు కూడా తడిసినట్టున్నాయి. బిరుదు కోసం తెచ్చిన శాలువా తీసి భల్లానికి కప్పబోతే, ఆయన లాక్కుని బుడ్డోడికి చుట్టేశాడు. కాసేపటికి బుడ్డోడు దాన్ని నిండా తడిపేశాడు.

"పోశాడు! పోశాడు!" అని పెద్ద డాక్టరు గంతులేశాడు. నీళ్ళు ఒంటికి పట్టాయన్నమాట. ఏ బిరుదొచ్చినా ఆయన అంత ఎగిరుండడు.

భోజనాలు ఎప్పుడో చల్లారిపోయాయి. అయినా అందరూ వసారాలో బారుగా కూర్చున్నారు. తొండ గంజి వడ్డించాడు. రాజుగారు కూడా ఆ పూటకి గంజే అన్నారు, అయినా కుందేళ్ళు కాస్త ఎడంగానే కూర్చున్నాయి. బుడ్డోడు భల్లం ఒళ్ళో బొచ్చు పీకుతూ ఏడుస్తూనే ఉన్నాడు. ఎవరూ ఊరుకోబెట్టలేదు.

నీతి: పిల్లల ఆసుపత్రి మరీ ప్రశాంతంగా ఉంటే, ముందు పెద్ద డాక్టర్ని గిల్లి చూడండి.