ఎర్ర పిడి ఉత్తరం

ఆ రోజు మేనేజరును ఎలాగైనా అడిగేయాలని గ్రాంథికంగారు ఇంటి దగ్గరే నిశ్చయించుకుని బయలుదేరాడు. నీళ్ల మోటార్లు తయారుచేసే కంపెనీలో, ఫిర్యాదులకు జవాబులు రాసే విభాగంలో ఆయన పద్దెనిమిదేళ్లుగా గుమాస్తా. ఆఫీసువాళ్లు ఆయనకు ఆ పేరు పెట్టింది ఆయన ఉత్తరాలు చూసే. విభాగం సూపర్‌వైజరు నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ తనకు తప్ప ఇంకెవరికి?

"నసగకండి. లోపలికి వెళ్లి, నాకే ఇవ్వండి అని ఒక్క ముక్క చెప్పండి," అంది భార్య, టిఫిను డబ్బా చేతికిస్తూ.

తీరా మేనేజరు గదికి వెళ్లే దారిలో కొత్తమ్మాయి బల్ల మీద ఒక కాగితం కనిపించింది. ఆమె చేరి మూడు నెలలైంది. కాగితం మీద మూడే ముక్కలున్నాయి. "గొట్టం తిరగేసి బిగించారు. బాణం గుర్తు పైకి ఉండేలా బిగించండి. నీళ్లు వస్తాయి." దాని పక్కన, మేనేజరు ఆకుపచ్చ సిరాతో రాసిన మాట: "వెల్ పుట్!"

గ్రాంథికంగారు ఆ మాటను రెండుసార్లు చదివాడు. పద్దెనిమిదేళ్లలో తన ఉత్తరాల మీద మేనేజర్లు రాసింది "చూశాను" అని మాత్రమే. దీనికి ఆశ్చర్యార్థకం కూడానా! వెల్ అంటే తెలుసు, పుట్ అంటే తెలుసు. రెండూ కలిస్తే ఏమవుతుందో మాత్రం తెలియలేదు. ఆ పిల్లనే అడగడానికి ప్రాణం ఒప్పలేదు. టపా గుమాస్తా దగ్గరకు వెళ్లి, ఉత్తరం సంగతంతా చెప్పి అర్థం అడిగాడు.

"ఇందులో ఏముంది గురువుగారూ!" అన్నాడతను కవరుకు జిగురు రాస్తూ. "వెల్ అంటే బాగా. పుట్ అంటే పెట్టడం. బాగా పెట్టింది అని."

"ఏం పెట్టింది?"

"ఉత్తరంలో ఏం పెడతారండీ? గడ్డి! తిరగేసి బిగించారు అని మొహం మీదే అనేసింది చూడండి. మన మేనేజరుకు అలా ఉంటేనే ఇష్టం."

గ్రాంథికంగారు మేనేజరు గది సంగతే మరిచిపోయాడు. గడ్డి పెట్టడం ఆయనకు రాకనా? తిన్నగా తన సీటుకు వచ్చి, లాండ్రీ ఆవిడ ఫైలు లాగాడు. కంపెనీకి ఆవిడే పెద్ద గిరాకీ. కొత్త మోటారు మూలుగుతోంది కానీ నీళ్లు రావడం లేదని నాలుగుసార్లు రాసింది. "తమరి ఫిర్యాదు అందినందుకు మిక్కిలి సంతసించుచున్నాము" అని మొదలుపెట్టి, మూడింటికి ఆయనే జవాబులిచ్చాడు. నాలుగోదానికి కలం ఝళిపించాడు.

"మోటారు పక్కన ఎర్ర పిడి ఉంది. అది మూసి ఉంది. తలుపు గడియ పెట్టుకుని చుట్టాలు రావడం లేదని ఏడ్చినట్టుంది మీ వరస. కళ్లజోడు పెట్టుకుని ఆ పిడి తిప్పండి."

కింద విభాగం ముద్ర గుద్ది, మధ్యాహ్నం టపాలోనే పంపేశాడు. ఆ పూట అన్నం కూడా రుచిగా అనిపించింది.

మూడో రోజు ఉదయం మేనేజరు గదిలోంచి ఫోను వచ్చింది. ఆ ఉత్తరం రాసినవాళ్లను చూడటానికి లాండ్రీ ఆవిడ స్వయంగా వస్తోందట. గ్రాంథికంగారికి ఎందుకో అనుమానం వచ్చింది. తప్పనిసరై కొత్తమ్మాయి బల్ల దగ్గరకు వెళ్లాడు.

"అమ్మాయ్, వెల్ పుట్ అంటే ఏమిటి?"

"బాగా చెప్పారు అని సార్. విషయం సూటిగా, చక్కగా చెబితే అలా అంటారు."

"గడ్డి... ఏమీ ఉండదా అందులో?"

"గడ్డేమిటి సార్?"

అంతలోనే పిలుపొచ్చింది. గదిలో లాండ్రీ ఆవిడ ఉత్తరం పట్టుకుని నిలబడి ఉంది.

"ఇది రాసిందెవరు?" అన్నాడు మేనేజరు.

"కొత్తమ్మాయండీ," అనేశాడు గ్రాంథికంగారు. అనేటప్పుడు భయంతో పాటు కాస్త తీపి కూడా తగిలింది. "చిన్నపిల్ల, తెలియక..."

"ఆ తల్లిని పిలవండి!" అంది ఆవిడ నవ్వుతూ. "పిడి తిప్పాను, నీళ్లు ధారగా వచ్చాయి. అంతకుముందు మూడు ఉత్తరాలొచ్చాయి బాబూ, ఇంటిల్లిపాదీ కూర్చుని చదివినా ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఎవరో పోయారని రాశారనుకున్నాం. ఇంకో ఆరు మోటార్లు పంపండి."

కొత్తమ్మాయి రాగానే మేనేజరు లేచి నిలబడ్డాడు. "వెల్ పుట్! వెరీ వెల్ పుట్!"

ఆమె కాగితం చదివి తల అడ్డంగా ఊపింది. "ఇది నేను రాయలేదండీ."

"వినయం కూడా ఉంది!" అన్నాడు మేనేజరు.

గ్రాంథికంగారు ఇక ఆగలేకపోయాడు. "నిజం సార్, నేనే రాశాను! ఆ గడియ, ఆ చుట్టాలు, అన్నీ నావే!"

మేనేజరు ఆయన వంక జాలిగా చూశాడు. "ఇప్పుడేగా ఆమె రాసిందన్నారు! పొగడ్త వినపడగానే మీదైపోయిందా? ఈ వయసులో ఇంత అసూయ ఆరోగ్యానికి మంచిది కాదండీ."

ఒకటో తారీకున కొత్తమ్మాయి సూపర్‌వైజరయింది. ఉత్తరాలు సూటిగా రాయడమెలాగో ఆమె దగ్గర నెల రోజులు నేర్చుకొమ్మని గ్రాంథికంగారికి ఆర్డరు వచ్చింది. మంచి ఉత్తరానికి నమూనాగా ఆమె ఆయన ముందు ఎర్ర పిడి ఉత్తరమే పెట్టింది, పాపం, మర్యాద కొద్దీ.

నెలాఖరు పరీక్షలో ఆయనకు పదికి ఆరు వచ్చాయి.