గోడ మీద వాలిన భుజం

ఆ పొద్దున ఇంట్లో అనుకున్న పని ఒక్కటే: హాల్లో కొత్తగా బయటపడ్డ ఇటుక గోడను శుభ్రం చేయడం. పాత పూత చెక్కేసిన మేస్త్రీ పోతూపోతూ, "పొడి బ్రష్షుతో దులపండి, నీళ్ళు మాత్రం పొయ్యకండి" అని చెప్పాడు. కోడలు తలూపింది. అతను వీధి మలుపు తిరగ్గానే, "నీళ్ళు తగలనిది శుభ్రమెలా అవుతుంది?" అని బకెట్లు నింపింది.

మర్నాడు గోడ మీద తెల్లగా ఒక మనిషి ఆకారం ఉంది. ముసలావిడ చూసి కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"మీ నాన్నరా."

"అది తడి మరకమ్మా" అన్నాడు కొడుకు.

"మరకకి ఎడమ భుజం వాలుతుందా?"

చనిపోయిన తండ్రి భుజం అచ్చం అలాగే వాలి ఉండేది. ఆఖరిసారి ఆయన గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తా" అంటే, ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండా "ఊఁ" అంది. ఆ "ఊఁ" ఇన్నేళ్ళూ ఆవిడ గొంతులోనే అడ్డుపడి ఉంది.

కోడలు భయంభయంగా మళ్ళీ కడిగింది. తెల్లారేసరికి ఆకారానికి బొజ్జ వచ్చింది.

"మామయ్యగారు ఒళ్ళు చేశారండీ!"

"నువ్వే కదా మేపుతున్నావు!" అని మొగుడు ఈసారి తనే చీపురందుకుని నీళ్ళు పోసి తోమాడు. మర్నాటికి చెయ్యి కూడా మొలిచింది. అది వంటింటి వైపు చాచి ఉంది. ఆలుమగలు ఆ పగలే హాల్లోంచి తమ మంచం మేడ మీదికి మోసుకుపోయి, మేస్త్రీకి కబురు పెట్టారు.

"మళ్ళీ సిమెంటు పూసెయ్యి బాబూ, ఎంతైనా సరే."

ఆ మాట విని ముసలావిడ గోడ వైపు తిరిగింది. ఒక మనిషిని రెండుసార్లు పోగొట్టుకోవడమా?

మేస్త్రీ గోడను చూసి అడుగు వెనక్కి వేశాడు. "ఎవరండీ ఈయన?" అన్నాడు. ఆ తర్వాతే అతని కాలికి తడి తగిలింది. "నీళ్ళు పోశారా?"

"ఏదో... కాస్త" అంది కోడలు.

"ఇటుకలో ఉప్పుంటుందమ్మా. తడిపినకొద్దీ పైకి ఊరుతుంది. ఆరనిచ్చి దులిపితే పోయేదానికి దయ్యాన్ని చేశారు!"

ముసలావిడ వేలితో గోడ రాసి నాలిక్కి తగిలించుకుంది. ఉప్పే.

గోడ ఆరాక మేస్త్రీ వచ్చి పొడి బ్రష్షుతో పాదాల నుంచి దులుపుకొచ్చాడు. ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుని రెప్ప వేయకుండా చూసింది. భుజం వంతు వచ్చినప్పుడు మాత్రం, "వెళ్ళిరండి" అంది పైకే. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మంచం కిందికి దిగింది.

మర్నాడు పొద్దున్నే కొడుకు కేక పెట్టాడు. ఎడమ భుజం ఒక్కటీ తెల్లగా మళ్ళీ తేలింది.

"ఒట్టండీ, చుక్క నీళ్ళు పొయ్యలేదు!" అంది కోడలు.

ముసలావిడ తడి చెంబును కొంగు చాటు చేసుకుని, కుర్చీ ఇంకాస్త గోడ దగ్గరికి జరుపుకుంది. బతికున్నన్నాళ్ళూ పది కేకలు వేస్తే గాని పలకని మనిషి, ఇప్పుడు చెంబెడు నీళ్ళకే వచ్చేస్తున్నాడు.