తొంభై శాతం బతకాల్సిందే

మెత్తని కండలో పుట్టే గడ్డ క్యాన్సర్‌కి, అంటే సార్కోమాకి, వైద్యం చేయించుకున్నవాళ్ళలో ఇకమీదట నూటికి తొంభైమంది ఐదేళ్ళు బతికి తీరాలని ఆరోగ్యమంత్రిగారు ఆజ్ఞాపించారు. రోగానికి ఇంత సూటిగా వార్నింగిచ్చిన నాయకుణ్ణి నేనెరగను. అప్పటికి మా ఆస్పత్రి లెక్క యాభై అయిదు. ఆ లెక్కలు రాసే గుమాస్తాని నేనే.

మా సూపరింటెండెంటుగారు వారం తిరక్కుండా కిటుకు కనిపెట్టారు. "గడ్డ అయిదు సెంటీమీటర్లు దాటితే మనిషి డౌటు. డౌటున్నవాణ్ణి రిజిస్టర్లో ఎక్కించకు" అన్నారు. రిజిస్టర్లో ఎక్కనివాడికి మంచం లేదు, మంచం లేనివాడికి ఆపరేషన్ లేదు. మూణ్ణెల్లలో మా అంచనా తొంభై ఆరుకి చేరింది. అభినందనల లేఖ కూడా వచ్చింది.

అంతలో మా బావ వచ్చిపడ్డాడు. ఆయన టైలరు. తొడమీద గడ్డని తన టేపుతో తనే కొలుచుకున్నాడు. మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు సెంటీమీటర్లు. స్కానుకి మూణ్ణెల్ల తర్వాత డేటిచ్చాం. స్కాను నాటికి తొమ్మిది. అక్క నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నిజం చెప్పొద్దూ, నాకూ భయమేసింది. బావని సూపరింటెండెంటుగారి గదికి తీసుకెళ్ళాను.

"తొమ్మిదా! చిన్నగా ఉన్నప్పుడే రావాలి కదయ్యా."

"చిన్నగా ఉన్నప్పుడే వచ్చానండీ. మీరే తర్వాత రమ్మన్నారు."

"ఇప్పుడు చేర్చుకుంటే మా పర్సెంటేజీ ఏం కావాలి?"

"మరి నేనేం కావాలండీ?"

సూపరింటెండెంటుగారు దయగల మనిషి. మన గుమాస్తా బావే కదా అని ఉపాయం చెప్పారు. "ఒక పని చెయ్. ఐదేళ్ళు బతికిరా. కళ్ళు మూసుకుని చేర్చుకుంటాను."

ఇంతలో మంత్రిగారు వార్డు చూడ్డానికి వస్తున్నారని కబురు. చిన్న గడ్డలవాళ్ళు నయమై ఇళ్ళకెళ్ళిపోయారు. మంచాలన్నీ ఖాళీ. "మీ బావని పట్రా. ఒక గంట పడుకుంటే చాలు" అన్నారు సూపరింటెండెంటుగారు. బావకి ఫోన్ చేసి మంచం ఇస్తున్నారని చెప్పాను. గంటసేపేనని చెప్పడానికి నోరు రాలేదు.

మంత్రిగారు బావ చెయ్యి పట్టుకుని ఆప్యాయంగా అడిగారు. "ఆపరేషనై ఎన్నాళ్ళైంది?"

"ఇంకా కాలేదండీ."

సూపరింటెండెంటుగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. కానీ పెద్దవాళ్ళ బుర్రలు వేరు.

"కాకుండానే ఇంత కులాసాగా ఉన్నాడా!" అంటూ మంత్రిగారు కెమెరాల వైపు తిరిగారు. "ఒకప్పుడు ఈ జబ్బుకి కాలే తీసేసేవారు. తర్వాత కాలుంచి గడ్డ తీశారు. మేమొచ్చాక రెండూ ఉంచుతున్నాం!"

చప్పట్లు మోగాయి. సిగ్గు లేకుండా నేనూ కొట్టాను. ఇక అవసరం లేదు కనక ఆపరేషన్ థియేటర్ని విజయాల ఎగ్జిబిషన్‌గా మార్చమని అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చారు.

అందరూ టీకి వెళ్ళాక మంచం దగ్గరికి వెళ్ళి, "బావా, ఇక లే" అన్నాను.

బావ కదల్లేదు. "లేవడమేంటి బావమరిదీ? డాక్టరుగారు రానీ. ఆపరేషన్ కదా అని పొద్దుట్నించీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు."