ఓటమి కాంట్రాక్టు

2020 ఆగస్టు 11, మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు కెటిల్ ఫోర్క్ కాలేజీ క్రీడా విభాగం డైరెక్టర్ వెర్లిన్ హాఫ్‌స్టెటర్ తన జీతంలో పది శాతం స్వచ్ఛందంగా వదులుకున్నాడు. కోవిడ్ కష్టకాలంలో చేసిన ఈ త్యాగం చరిత్రలో నిలిచిపోతుందని ప్రకటనలో ఉంది. ప్రకటన రాసింది వెర్లినే. సెప్టెంబరులో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ డబ్బు రాకపోతే ఈత జట్టును ఎత్తేస్తారన్న సంగతి చివరి పేరాలో ఉంది.

ఆ మ్యాచే కాలేజీకి జీవనాధారం. ఏటా సెప్టెంబరులో కెటిల్ ఫోర్క్ జట్టు బస్సెక్కి రాష్ట్రంలోని పెద్ద యూనివర్సిటీకి వెళ్తుంది. నిండిన స్టేడియంలో చిత్తుగా ఓడుతుంది. చెక్కు పుచ్చుకుని తిరిగొస్తుంది. పెద్దవాళ్లకు సీజన్ మొదట్లో ఒక సులువైన గెలుపు కావాలి, చిన్నవాళ్లకు డబ్బు కావాలి. ఇందులో దాపరికం ఏమీ లేదు, దేశమంతా చేసే బేరమే. ఆ చెక్కు మీదే ఈత, టెన్నిస్, కుస్తీ బతుకుతాయి.

పదకొండేళ్లుగా ఈ ఓటములు కుదురుస్తున్నది వెర్లిన్. కిందటేడు 66-3తో ఓడారు. మర్నాడే అవతలివాళ్లకు ఫోన్ చేసి, "ఆ మూడు పాయింట్లు ఎలా వచ్చాయో నాకూ తెలీదు, మనసులో పెట్టుకోకండి" అని చెప్పుకున్నాడు.

ఈసారి ఫోన్ అటునుంచి వచ్చింది. పెద్ద యూనివర్సిటీలో మ్యాచ్‌లు ఏర్పాటు చేసే క్రెయిగ్ బోస్ట్‌విక్ చేశాడు.

"సెప్టెంబరు మ్యాచ్ రద్దు గురూ. ఈ ఏడు మిమ్మల్ని ఓడించలేం."

"జనం లేకపోయినా ఓడతాం."

"ఒకళ్లనొకళ్లు ముట్టుకోకూడదంటున్నారు."

"మీవాళ్లు ముట్టుకునేదాకా మావాళ్లు ఎప్పుడు ఆగారు? వాళ్లంతట వాళ్లే పడిపోతారు."

"నవ్వించకు. ఇక్కడ నా ఉద్యోగమే ఊగుతోంది."

"పోనీ, ఓడిపోయామని కాగితం మీద రాసిస్తాం. చెక్కు పోస్టులో పంపు."

బోస్ట్‌విక్ "లాయర్ని అడిగి చెప్తా" అన్నాడు.

లాయర్ ఒప్పుకోలేదు.

ఈత కోచ్ జోనీ పావ్లక్ వెర్లిన్ గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రావాలంటే ఆరడుగుల దూరం కుదరదు.

"నా పిల్లలు నీళ్లలో దిగుతారా, దిగరా? ఒక్క ముక్క చెప్పు."

"మ్యాచ్ దొరికి, ఫుట్‌బాల్ వాళ్లు ఓడితే దిగుతారు."

"వాళ్లు ఓడనిదెప్పుడు?"

"అదేగా తల్లీ మన ధైర్యం."

అక్టోబరులో మ్యాచ్‌లకు మళ్లీ అనుమతి వచ్చింది. పెద్ద యూనివర్సిటీతో ఆడాల్సిన మరో జట్టు మొత్తానికి కోవిడ్ సోకింది. బోస్ట్‌విక్ మళ్లీ ఫోన్ చేశాడు. శనివారం టీవీ వాళ్లకు ఎవరో ఒకరు కావాలి, చెక్కు పూర్తిగా ఇస్తాం అన్నాడు. వెర్లిన్ ఆయన మాట పూర్తికాకముందే ఒప్పుకున్నాడు.

శనివారం ఉదయం పరీక్షల ఫలితాలు వచ్చాయి. పెద్ద యూనివర్సిటీ జట్టులో సగంమంది క్వారంటైన్‌కు వెళ్లారు. బంతి విసిరేవాళ్లు ముగ్గురూ అందులోనే ఉన్నారు. మ్యాచ్ ఆపడానికి టీవీ వాళ్లు ఒప్పుకోలేదు.

స్టేడియంలో జనానికి బదులు సీట్లనిండా అభిమానుల అట్టబొమ్మలు. తన బొమ్మ కూర్చోవడానికి ఒక్కో అభిమాని యాభై డాలర్లు కట్టాడు. ఆ బొమ్మల మధ్య వెర్లిన్, పావ్లక్ కూర్చున్నారు. విరామానికి కెటిల్ ఫోర్క్ 6-0తో వెనకబడి ఉంది. వెర్లిన్ అంత తక్కువ తేడా ఎప్పుడూ చూడలేదు. కిందికి దిగి ఫుట్‌బాల్ కోచ్ డ్వేన్ టటిల్‌ను పట్టుకున్నాడు.

"ఏంటయ్యా ఇది?"

"నేనేం చేశాను సార్? వాళ్లకు బంతి విసరడం రావట్లేదు."

"మనవాళ్లకు మాత్రం వచ్చా?"

"రాదు. అందుకే ఆట సమంగా ఉంది."

"గెలిస్తే వచ్చే ఏడు మనల్ని పిలిచేవాడు ఉండడు. తెలుసుగా?"

"గెలవడం మీరెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ నేర్పలేదు. నిశ్చింతగా వెళ్లి కూర్చోండి."

మరో నాలుగు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా పెద్ద యూనివర్సిటీ కుర్రాడు విసిరిన బంతి, ఊరికే నిలబడి ఉన్న కెటిల్ ఫోర్క్ ఆటగాడు వెండెల్ స్ట్రూప్ ఛాతీకి తగిలింది. అతను దాన్ని పట్టుకున్నాడు. అవతలివాళ్లు మీదికి రావడం చూసి భయపడి పరిగెత్తాడు. గీత దాటి ఆరు పాయింట్లు వచ్చాక కూడా ఆగలేదు. గోడ అడ్డొచ్చి ఆగాడు. తర్వాత మరో పాయింటు కోసం కొట్టిన కిక్కూ లోపలే పడింది. 7-6. ఆట అలాగే ముగిసింది.

స్టేడియం స్పీకర్లలో ముందే రికార్డు చేసిన చప్పట్లు మోగాయి. ఆపే మీట ఎవరికీ దొరకలేదు.

"పదకొండేళ్లు నమ్మకంగా ఓడాను," అన్నాడు వెర్లిన్. "ఒక్క పూట ఏమరుపాటుగా ఉన్నానంతే."

"చెక్కు ఇస్తారుగా?" అంది పావ్లక్.

"ఇస్తారు."

సోమవారం చెక్కు వచ్చింది. బోస్ట్‌విక్ ఫోన్ కూడా వచ్చింది.

"నీ మీద నమ్మకం పోయింది గురూ. ఇకమీదట మిమ్మల్ని ఎవరూ పిలవరు."

"ఇంకెప్పుడూ గెలవం. రాసిస్తాను."

"మా కోచ్‌ను తీసేశారు. కాంట్రాక్టు ప్రకారం మిగిలిన ఏళ్ల జీతమంతా కట్టాలి. ఆ డబ్బు కోసం మా ఈత జట్టును ఎత్తేస్తున్నారు."

మంగళవారం కెటిల్ ఫోర్క్ ధర్మకర్తలు జూమ్‌లో సమావేశమయ్యారు. చారిత్రక విజయం సాధించిన టటిల్‌ను వేరే కాలేజీ ఎగరేసుకుపోతుందని ఛైర్మన్ భయపడ్డాడు. ఏడేళ్ల కాంట్రాక్టుకు, రెట్టింపు జీతానికి తీర్మానం చేశారు. చెక్కు సరిగ్గా దానికి సరిపోయింది. టటిల్‌ను తామెవ్వరూ అడగలేదని తర్వాత చుట్టుపక్కల కాలేజీలన్నీ చెప్పాయి.

బుధవారం ఉదయం ఈత జట్టు రద్దు ప్రకటన వెర్లిన్ రాశాడు. "మా జీవితంలో ఇది అత్యంత కష్టమైన నిర్ణయం" అన్న వాక్యం పెద్ద యూనివర్సిటీ ప్రకటనలోంచి తీసుకున్నాడు. పావ్లక్ దాన్ని ఫోన్‌లో చదివి అతని గదికి వచ్చింది. ఈసారి లోపలికే వచ్చింది.

"ఓడి ఉంటే నా జట్టు?"

"ఉండేది."

"అది కూడా రాయాల్సింది."

"రాశాను. ఛైర్మన్ కొట్టేశాడు."

గురువారం సాయంత్రం నాలుగింటికి కొలనులో నీళ్లు తోడేయడం పూర్తయింది.